అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు వేయాల్సిన లెక్క

"72 లక్షల ఫ్లాట్ సార్. అద్దె ఈజీగా 24 వేలు వస్తుంది. అంటే నాలుగు శాతం. పైగా రేటు ఎలాగూ పెరుగుతుంది." హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు ఫ్లాట్లు చూడ్డానికి వెళ్తే ఈ మాట వినకుండా తిరిగి రారు. చెప్పినవాళ్ళు అబద్ధమాడినట్టు కూడా కాదు. కాకపోతే 72 లక్షలతో ఖర్చు ఆగదు, 24 వేలూ మీ చేతికి రావు. రేటు ఎంత పెరిగితే మీకు గిట్టుబాటో ఎవరూ చెప్పరు. ఆ మూడూ మనమే తేల్చుకోవాలి. ఒక తెల్లకాగితం, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే సరిపోతుంది.

లెక్కంతా ఒకే ఫ్లాట్ మీద వేద్దాం. 1200 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్, కట్టడం పూర్తయి ఓసీ (ఇందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చింది, అడుగు 6,000 రూపాయలు. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు. మీరు చూసిన ఫ్లాట్ అంకెలు పక్కన రాసుకుంటూ చదవండి.

1. ముందు అసలు ఖర్చు తేల్చండి

అడుగు రేటు లెక్కన 72 లక్షలు. దాని మీద కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్, కరెంటు, నీటి కనెక్షన్ల పేరుతో ఇంకో 4 లక్షలు వేస్తారు. అగ్రిమెంట్ 76 లక్షలకు అవుతుంది. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడిగా శాతాలు వేరైనా కలిపితే అంతే. 76 లక్షల మీద 5 లక్షల 70 వేలు. కార్పస్ ఫండ్, అంటే అపార్ట్‌మెంట్ పెద్ద ఖర్చుల కోసం ఒకేసారి కట్టించుకునే నిధి, అడుక్కి 50 చొప్పున 60 వేలు. ఫ్యాన్లు, లైట్లు, గీజర్లు, కప్‌బోర్డులు, కిచెన్‌లో వుడ్‌వర్క్, కిటికీలకు దోమల మెష్ కలిపి, సాదాగా చేయించినా 3 లక్షల 50 వేలు. లాయర్ ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), జిరాక్సులు ఒక 20 వేలు. అంతా కూడితే 86 లక్షలు.

మొదట చెప్పిన ధరకీ దీనికీ తేడా 14 లక్షలు! అదే కడుతున్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో 3 లక్షల 80 వేలు అదనం. 45 లక్షల లోపు ఉండే చిన్న ఫ్లాట్లకు, అఫర్డబుల్ హౌసింగ్ కొలతల్లోకి వస్తే, ఈ జీఎస్టీ 1 శాతమే. ఓసీ వచ్చాక కొంటే అసలు లేదు. కడుతున్నది కొంటే ఇంకో ఖర్చు కూడా ఉంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు: తాళాలు చేతికొచ్చేదాకా రెండు మూడేళ్ళు అద్దె సున్నా, లోన్ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడే ఇంకో సంగతి. తూర్పు ఫేసింగ్‌కి, పై అంతస్తుకి, కార్నర్‌కి బిల్డర్లు అడుక్కి ఇంత అని ఎక్కువ తీసుకుంటారు. అద్దెకు వచ్చేవాళ్ళు ఆ తేడాకి నెలనెలా ఎక్కువ ఇవ్వరు. మీరుండటానికైతే తూర్పే కొనుక్కోండి, కాదనను. అద్దెకివ్వడానికైతే ఆ ప్రీమియం తిరిగి రాబట్టుకోవాల్సింది అమ్మేటప్పుడే. అడుగుల విషయమూ ఇంతే. మీకు చెప్పే 1200 అడుగుల్లో గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా అన్నీ కలిసి ఉంటాయి. కార్పెట్ ఏరియా 800, 850 దగ్గర ఆగుతుంది. అద్దెకొచ్చే కుటుంబం "డబుల్ బెడ్‌రూమేనా, రెండు బాత్‌రూములున్నాయా" అని అడుగుతుంది తప్ప టేపు పట్టుకుని రాదు. ఒకే వీధిలో 1150 అడుగులదీ 1350 అడుగులదీ దాదాపు ఒకే అద్దెకు పోతుంటే చిన్నదే కొనాలి.

2. అద్దె ఎంతో వాచ్‌మన్‌ని అడగండి

వెబ్‌సైట్లలో కనిపించేది ఓనర్లు అడుగుతున్న అద్దె. కుదిరే అద్దె వేరు. అది తెలియాలంటే ఆ అపార్ట్‌మెంట్‌కీ, చుట్టుపక్కల మరో రెండు మూడింటికీ వెళ్ళి, కొనడానికి వచ్చామని చెప్పకుండా, ఇల్లు అద్దెకు కావాలని వాచ్‌మన్‌ని అడగండి. అతను చెప్పినంత వివరంగా ఏ యాపూ చెప్పదు: "304 ఖాళీ అయి రెండు నెలలైంది సార్, 25 అంటున్నారు, 22కి ఇస్తారు. 501లో ఉన్నోళ్ళు 23 కడుతున్నారు, వచ్చే నెల పోతున్నారు." ఎందుకు పోతున్నారో కూడా అడగండి. నీళ్ళ గొడవా, లిఫ్టు ఆగిపోతోందా, పక్కనే కొత్త గేటెడ్ కమ్యూనిటీ వచ్చి అందరూ అటు మళ్ళుతున్నారా అన్నది అక్కడే బయటపడుతుంది.

వీలైతే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. బోరు ఎండిపోయి రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగుతున్నాయో గేటు దగ్గర అరగంట నిలబడితే తెలిసిపోతుంది. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో పడుతుంది. మెయింటెనెన్స్ కట్టేది అద్దెకున్నవాళ్ళే కదా అని మనం తేలిగ్గా తీసుకుంటాం. కానీ వాళ్ళ బడ్జెట్ అద్దె, మెయింటెనెన్స్ కలిపిన మొత్తానికి. నెలకు 27,600 పెట్టగలిగినవాళ్ళు, అడుక్కి 3 రూపాయల మెయింటెనెన్స్ ఉన్నచోట 24 వేల అద్దె ఇస్తారు. అది 5 రూపాయలకు పెరిగితే అద్దె 21,600 దగ్గర బేరం మొదలెడతారు. ఈత కొలను, జిమ్ ఉన్న ప్రాజెక్టుల్లో ఆ భారం చివరికి ఓనరు మీదే పడుతుంది.

అద్దె దేని వల్ల వస్తోందో కూడా చూడండి. 2020లో ఐటీ కంపెనీలు ఇంటి నుంచి పనికి మారగానే మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, గేటుగేటుకీ టు-లెట్ బోర్డులు వేలాడాయి. ఐటీ ఆఫీసులొక్కటే ఆధారమైన చోటు కంటే స్కూళ్ళు, ఆసుపత్రి, మెట్రో స్టేషన్ నడక దూరంలో ఉన్న పాత కాలనీలో అద్దె నిదానంగా పెరిగినా నిలకడగా ఉంటుంది.

3. ఏడాదికి చేతిలో ఎంత మిగులుతుందో చూడండి

24 వేల చొప్పున పన్నెండు నెలలకు 2,88,000. 86 లక్షల మీద ఇది 3.35 శాతం. బ్రోకర్ చెప్పిన నాలుగు ఇక్కడే జారిపోయింది. ఇప్పుడు కోతలు.

ఖాళీ నెలలు: ఏడాదికి ఒక నెల తీసేయండి, 24,000. ఎక్కువనిపిస్తుంది, కానీ మన దగ్గర ఇళ్ళు మారే సీజనంటూ ఒకటుంది. పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇల్లు వారంలో పోతుంది. అదే ఇల్లు ఆషాఢం ముందు ఖాళీ అయిందా, శ్రావణం వచ్చేదాకా పాలు పొంగించేవాళ్ళు దొరకడం కష్టం. మూఢం ఉందంటే ఇంకా ఆలస్యం. అందుకే అగ్రిమెంట్ ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాసుకోండి. మొదటిసారి తొమ్మిది నెలలకే రాసినా పర్లేదు. అందరూ పదకొండు నెలలకు రాసుకోవడం అలవాటైపోయింది. అంతకంటే తక్కువకు రాసుకోకూడదని ఏమీ లేదు.

ఆ ఖాళీ నెల మెయింటెనెన్స్ మీరే కట్టాలి, 3,600. ఆస్తి పన్ను 7,000 అనుకుందాం. జీహెచ్‌ఎంసీకి ఏప్రిల్‌లోనే కట్టేస్తే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గుతుంది. బ్రోకర్‌కి రెండేళ్ళకోసారి సగం నెల అద్దె, అంటే ఏడాదికి 6,000. పెయింటింగు, రిపేర్లకు సగటున 15,000. వెళ్ళేటప్పుడు అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె పెయింటింగ్‌కి పట్టుకోవడం మన ఊళ్ళో ఆనవాయితీగా నడుస్తోంది కానీ, గీజర్ కాలిపోయినా బాత్‌రూమ్ లీకై కింద ఫ్లాట్ సీలింగ్ తడిసినా బిల్లు ఓనర్‌దే. ఇన్సూరెన్స్ 2,400. మొత్తం కోత 58,000. మిగిలేది 2 లక్షల 30 వేలు, అంటే 86 లక్షల మీద 2.67 శాతం.

బ్యాచిలర్స్‌కి ఇవ్వం, నాన్‌వెజ్ తినేవాళ్ళకి ఇవ్వం, ఫలానావాళ్ళకి ఇవ్వం అని మీరు పెట్టే ప్రతి షరతూ ఖాళీ నెలలను పెంచుతుంది. మీ ఇల్లు, మీ ఇష్టం అనొచ్చు. వివక్ష సంగతి పక్కనపెట్టి వట్టి డబ్బులెక్క చూసినా అది దండగమారి బేరం అని నేనంటాను. టైముకి అద్దె కట్టే ముగ్గురు ఉద్యోగస్తుల కోసం నెల తిరక్కుండా సంతకం పెట్టడం మేలు.

4. పన్ను తీసేయండి

అద్దె ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క సులువే. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్‌గా వదిలేస్తారు. రిపేర్లు, బ్రోకరేజీ అన్నీ ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి, విడిగా బిల్లులు చూపడం కుదరదు. మన ఉదాహరణలో పదకొండు నెలల అద్దె 2,64,000. ఆస్తి పన్ను 7,000 పోను 2,57,000. అందులో 30 శాతం పోతే 1,79,900 మీద పన్ను పడుతుంది. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి దాదాపు 56 వేలు. చివరికి మిగిలేది 1 లక్ష 74 వేలు, రెండు శాతం.

విదేశాల్లో ఉండి ఇక్కడ ఫ్లాట్ కొనే మనవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఓనరు ఎన్నారై అయితే అద్దెకుండేవాళ్ళు 31.2 శాతం టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుని మిగతాది ఇవ్వాలి. రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవచ్చు, కానీ ఈ తతంగం వినగానే మంచి కిరాయిదారులు కొందరు వెనక్కి తగ్గుతారు.

5. లోన్ కలిపి మళ్ళీ చూడండి

50 లక్షలు లోన్, 36 లక్షలు సొంతం అనుకుందాం. 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు. ఈఎంఐ సుమారు 41,800. బ్యాంకు అగ్రిమెంట్ విలువ మీదే లోన్ ఇస్తుంది, రిజిస్ట్రేషన్ ఖర్చు మీ జేబులోంచే పోతుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

ఏడాదికి ఈఎంఐలు 5 లక్షల 2 వేలు. అద్దె మిగులు 2 లక్షల 30 వేలు. అంటే నెలకు 22 వేల 600 పైచిలుకు జీతంలోంచి తెచ్చి కలపాలి. "అద్దెతో ఈఎంఐ కట్టేసుకోవచ్చు" అనేవాళ్ళ దగ్గర ఈ కాగితం పెట్టండి. మొదటి ఏడాది కట్టే 5 లక్షల్లో వడ్డీయే 3 లక్షల 96 వేలు, అసలుకి జమయ్యేది లక్ష పైచిలుకు. 8 శాతానికి అప్పు తెచ్చి 2.67 శాతం వచ్చేచోట పెడుతున్నామన్న సంగతి ఈ దశలో కళ్ళకు కడుతుంది.

పన్నులో ఊరట లేకపోలేదు. అద్దెకిచ్చిన ఇంటికి లోన్ వడ్డీ మొత్తం అద్దె ఆదాయంలోంచి తీసుకోవచ్చు కాబట్టి ఆ 56 వేల పన్ను పోతుంది. మన ఉదాహరణలో పైగా 2 లక్షల 16 వేల నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే అందులో 2 లక్షల వరకు జీతం మీద సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో జీతం మీద సర్దడానికి వీల్లేదు. "ఇల్లు కొంటే ట్యాక్స్ కలిసొస్తుంది" అనే పాత సలహా చాలామందికి ఇప్పుడు పనిచేయట్లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోకుండా ఆ సలహా వినకండి.

ఇంకో పరీక్ష. మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉండి, వడ్డీ ఒక శాతం పెరిగినా ఈఎంఐ కట్టగలరా? ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకపోతే ఇంకో ఏడాది ఆగి కొనండి.

6. రేటు ఎంత పెరగాలో అంకె వేసుకోండి

రెండు శాతానికి ఎవరూ పెట్టుబడి పెట్టరు. రేటు పెరుగుతుందన్న ఆశతోనే పెడతారు. తప్పేం లేదు, కానీ ఆ ఆశకో అంకె ఉండాలి.

లోన్ లేకుండా 86 లక్షలు పెట్టారనుకోండి. అదే డబ్బు 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే, 30 శాతం శ్లాబులో పన్ను పోను 4.8 శాతం వస్తుంది. ఏ తలనొప్పీ లేదు, గీజర్ కాలదు. దీనితో సమానం కావాలంటే ఫ్లాట్ రేటు ఎంత పెరగాలి? అద్దె ఏటా 5 శాతం పెరుగుతుందనుకుని, అమ్మేటప్పుడు బ్రోకర్‌కి ఒక శాతం, లాభం మీద 12.5 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను, దాని మీద సెస్సు తీసేసి లెక్కేస్తే ఇలా వస్తుంది. పదేళ్ళ తర్వాత అమ్మితే 76 లక్షల ఫ్లాట్ 1 కోటి 16 లక్షలకు పోవాలి, అంటే ఏటా 4.3 శాతం పెరగాలి. మూడేళ్ళకే అమ్మితే 96 లక్షలకు దగ్గరగా పోవాలి, అంటే ఏటా 8 శాతం. రిజిస్ట్రేషన్, ఇంటీరియర్స్ లాంటి తిరిగిరాని ఖర్చులు పదేళ్ళలో పలచబడతాయి, మూడేళ్ళలో నడ్డి విరుస్తాయి. మూడు నాలుగేళ్ళలో అమ్మేద్దామనుకునేవాళ్ళు అద్దె ఫ్లాట్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఏటా 4.3 శాతం కష్టమేమీ కాదనిపిస్తుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది కదా అంటారు. దాటింది. కానీ అది భూమి. మీరు కొంటున్న దాంట్లో భూమి ఎంత? అన్‌డివైడెడ్ షేర్ (మొత్తం స్థలంలో మీ వాటా) కింద సేల్ డీడ్‌లో గజాల్లో రాసి ఉంటుంది, చూడండి. ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్‌లో 1200 అడుగుల ఫ్లాట్‌కి 45, 50 గజాలు రావచ్చు. ముప్ఫై అంతస్తుల టవర్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. పెరిగేది ఆ గజాలే. మిగతాది సిమెంటు, లిఫ్టు, పైపులు, అవి ఏటేటా పాతబడేవే. పదిహేనేళ్ళ ఫ్లాట్‌కి పక్కనున్న కొత్తదాని రేటు ఎవరూ ఇవ్వరు. 4.3 శాతాన్ని ఆ కళ్ళతో చూడండి. అదే వీధిలో పది, పదిహేనేళ్ళ నాటి ఫ్లాట్లు ఇప్పుడెంతకు అమ్ముడవుతున్నాయో, అప్పట్లో ఎంతకు కొన్నారో కనుక్కుంటే ఏటా ఎంత పెరిగిందో మీకే తెలుస్తుంది.

భూమి వాటా ఎక్కువ ఉండాలనుకునేవాళ్ళు ఉప్పల్, వనస్థలిపురం లాంటి చోట్ల 150 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు కొని పోర్షన్లుగా అద్దెకిస్తారు. నాలుగైదు పోర్షన్లలో ఒకటి ఖాళీ అయినా మిగతావి నడుస్తాయి. అద్దె శాతమూ కాస్త మెరుగు. కాకపోతే మోటారు ఎవరు వేశారు, కరెంటు బిల్లు ఎవరి వాటా ఎంత, మెట్లు ఎవరు కడగాలి అన్న పంచాయితీలన్నీ మీ దగ్గరికే వస్తాయి. ఊళ్ళో ఉండి చూసుకోగలిగితేనే అటు వెళ్ళండి.

7. కాగితాల పని

ఇది క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మీరు కాదు, లాయర్ చూడాలి. లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ, అప్రూవ్డ్ ప్లాన్, ఓసీ, కొత్త ప్రాజెక్టయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబరు. రెరా నంబరు రాకముందే ప్రీలాంచ్ అంటూ తక్కువ రేటుకి అమ్మడం చట్టవిరుద్ధం. ఎంత తక్కువైనా సరే, అటు చూడకండి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ ఎక్కడిదాకానో తేల్చుకోండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువు పక్క ఇల్లంటే కొనేవాళ్ళూ వెనకాడుతున్నారు. ప్లాన్‌లో లేని పైఅంతస్తు, పెంట్‌హౌస్ చవగ్గా వస్తుంది, అద్దె కూడా బాగానే వస్తుంది. అమ్మబోయినప్పుడు కొనేవాడికి బ్యాంకు లోన్ ఇవ్వదు.

8. ఇప్పుడు వెనక్కి లెక్కేసి ధర చెప్పండి

ఇప్పటిదాకా వాళ్ళు చెప్పిన ధర నుంచి మనకొచ్చే శాతం తేల్చాం. దాన్ని తిరగేయండి. నాకు ఖర్చులు పోను కనీసం 3 శాతం రావాలి అనుకోండి. ఏడాది మిగులు 2 లక్షల 30 వేలు కాబట్టి మొత్తం ఖర్చు 76 లక్షల 67 వేలు దాటకూడదు. అందులోంచి ఇంటీరియర్స్, కార్పస్, చిల్లర ఖర్చులు 4 లక్షల 30 వేలు తీసేసి, మిగిలినదాన్ని రిజిస్ట్రేషన్ కోసం 1.075తో భాగిస్తే 67 లక్షల 30 వేలు. పార్కింగ్, ఎమెనిటీస్ అన్నీ కలుపుకుని మీరు ఇవ్వగల ధర అంతే.

76 చెప్పేచోట 67 అంటే కొత్త ప్రాజెక్టు సేల్స్ ఆఫీసులో కాఫీ కూడా ఇవ్వకుండా పంపిస్తారు. రీసేల్‌లో వేరు. ఐదారేళ్ళ ఫ్లాట్, వుడ్‌వర్క్ చేసే ఉంది, కార్పస్ ఎప్పుడో కట్టేశారు, ఓనర్లు వేరే దేశంలో స్థిరపడ్డారు, ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉండి మెయింటెనెన్స్ బకాయి పడుతోంది. అలాంటివాళ్ళ దగ్గర మీ అంకె నిలబడే అవకాశం ఎక్కువ. పైగా ఇంటీరియర్స్ మూడున్నర లక్షలు, కార్పస్ 60 వేలు మిగులుతాయి కాబట్టి మీరు 71 దాకా వెళ్ళినా 3 శాతం కంటే తగ్గదు. సొసైటీ నుంచి నో డ్యూ సర్టిఫికెట్ అడగండి. 50 లక్షలు, ఆపైన విలువకి కొనేటప్పుడు అమ్మేవాళ్ళు ఇక్కడివాళ్ళయితే 1 శాతం టీడీఎస్ మీరు పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్నారై అయితే ఆ శాతం చాలా ఎక్కువ, విలువ 50 లక్షల లోపున్నా సరే పట్టుకోవాల్సిందే. తక్కువ పట్టుకునేలా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోమని, అడ్వాన్స్ ఇవ్వకముందే వాళ్ళతో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.